పాట ఎవరిది? — అరీతా ఫ్రాంక్లిన్ గానము

ఒక పాట విని, ఇది ఎవరిదని అడిగితే మన సంప్రదాయంలో సమాధానం సులభము. కృతి చివర వాగ్గేయకారుని ముద్ర ఉంటుంది. పాడేవారు ఎందరు మారినా ఆ ముద్ర మారదు. గాయకుడు తన మనోధర్మం కొద్దీ రాగాన్ని విస్తరిస్తాడు, సంగతులు వేస్తాడు, స్వరకల్పన చేస్తాడు. చివరకు ఆ పాటను కర్త పేరిటనే సమర్పించి లేస్తాడు. పాశ్చాత్య శాస్త్రీయ సంగీతంలో కూడా అగ్రతాంబూలం రచయితదే. అయితే ఇతరులు వ్రాసిన పాటలు పాడి, వినేవారికి ఆ కర్తల పేర్లు కూడా గుర్తుకు రానంతగా వాటిపై తన ముద్ర వేసిన గాయని ఒకతె అమెరికాలో ఉండేది. ఆమె పేరు అరీతా ఫ్రాంక్లిన్. 1942లో పుట్టి 2018లో కన్నుమూసినది. గాయకుడు పాటను మోసుకువచ్చేవాడు మాత్రమేనా, లేక అతడు కూడా కర్తేనా అన్న ప్రశ్నకు ఆమె జీవితమే ఒక సమాధానమని మా అభిప్రాయము. ఇది పండితులు తీరికగా చర్చించుకొనే విషయం మాత్రమే అనుకోరాదు. ఎవరి శ్రమకు ఎంత విలువ కట్టాలన్న సంగతి కూడా దీనిని బట్టే తేలుతుంది.

ఆమె పాడిన సంగీతానికి 'సోల్' అని పేరు. ఆ మాటకు ఆత్మ అని అర్థము. ఈ సంగీతానికి పుట్టిల్లు అమెరికాలోని నల్లజాతి క్రైస్తవుల ప్రార్థనామందిరాలు. బానిసత్వం నుంచి బయటపడిన ప్రజల సంతతివారు ఆ మందిరాలలో పాడుకొనే భక్తిగీతాలను గాస్పెల్ అంటారు. అక్కడ ఒకరు చరణం ఎత్తుకొంటే సభ అంతా బదులు పలుకుతుంది. మన భజనగోష్ఠి ఎరిగినవారికి ఈ పద్ధతి కొత్త కాదు. ఒక్క అక్షరాన్ని పట్టుకొని ఎన్నో స్వరాల మీదుగా నడిపించడం అక్కడ ఉన్నది; గమకానికి అలవాటుపడిన మన చెవికి అదీ పరాయిగా తోచదు. మందిరం బయట బ్లూస్ అనే మరొక ధార ఉండేది. అది పేదరికాన్నీ, ప్రేమనూ, వియోగాన్నీ పాడుకొనే లౌకిక గానము. ఈ రెండూ కలవరాదని పెద్దలు గిరి గీసినారు. 1950ల దశాబ్దంలో రే చార్లెస్, శామ్ కుక్ మొదలైనవారు మందిరంలోని గానశైలిని ప్రేమగీతాలకు తెచ్చినప్పుడు, దేవునికి అర్పించవలసిన దానిని అంగడిలో పెట్టినారని నిందించినవారు తక్కువమంది కారు. క్షేత్రయ్య పదాలలో శృంగారమూ భక్తీ ఒకే గొంతున పలకడం ఎరిగిన మనకు ఆ కలయికలోని సొగసు సులభంగానే బోధపడుతుంది.

అరీతా 1942 మార్చి 25న టెనెసీ రాష్ట్రంలోని మెంఫిస్ నగరంలో జన్మించినది. తండ్రి సి. ఎల్. ఫ్రాంక్లిన్ బాప్టిస్టు మతాచార్యుడు. కొంతకాలానికి కుటుంబం డెట్రాయిట్ నగరానికి చేరినది. అక్కడి న్యూ బెథెల్ మందిరంలో ఆయన చేసే ఉపన్యాసాలు దేశమంతటా పేరుపొందినవి; అవి రేడియోలో ప్రసారమయ్యేవి, గ్రామఫోను రికార్డులుగా కూడా వెలువడేవి. మాటగా ప్రారంభమైన ఆయన ఉపన్యాసం క్రమంగా లయను పట్టుకొని, చివరకు పాటగా మారేది. వచనం చెబుతూ చెబుతూ కీర్తనలోకి జారుకొనే హరిదాసును చూచినవారు దానిని ఊహించుకోగలరు. మాటకూ పాటకూ నడుమ గోడ లేదని ఆ బాలిక నేర్చినది తండ్రి వద్దనే. తల్లి బార్బరా కూడా మంచి గాయని, పియానో విద్వాంసురాలు. ఆమె 1948లో భర్తకు దూరమై వెళ్ళిపోయినది, 1952లో మరణించినది. అప్పటికి అరీతాకు పదేళ్ళు నిండలేదు.

ఆ యింటికి ఆనాటి గాస్పెల్ దిగ్గజాలు మహాలియా జాక్సన్, క్లారా వార్డ్, జేమ్స్ క్లీవ్‌లండ్ వచ్చిపోతూ ఉండేవారు. అరీతా స్వరలిపి చదివి పియానో నేర్చుకోలేదు; విన్నదానిని చెవితో పట్టి వ్రేళ్ళతో పలికించినది. ఈ సంగతి ముందుకు చాలా అవసరము గనుక శ్రోతలు గుర్తుంచుకోవాలి. ఆమె గొంతూ ఆమె వ్రేళ్ళూ విడివిడిగా పెరగలేదు. గొంతు ఎటు తిరుగబోతున్నదో వ్రేళ్ళకు ముందే తెలుసు. పద్నాలుగేళ్ళ వయస్సులో, 1956లో, తండ్రి మందిరంలో ఆమె పాడిన భక్తిగీతాలను రికార్డు చేసినారు. ఆ వయస్సుకే ఆ కంఠంలో ఆరిందాతనమున్నది.

పద్దెనిమిదవ ఏట, తండ్రి అనుమతితోనే, ఆమె లౌకిక సంగీతంలో అడుగుపెట్టినది. బిల్లీ హాలిడే, కౌంట్ బేసీ వంటి మహనీయులను వెలుగులోకి తెచ్చిన జాన్ హామండ్ 1960లో ఆమెను కొలంబియా కంపెనీలో చేర్చినాడు. అంతటి కంఠము, అంతటి కంపెనీ కలిసినప్పుడు ఫలితం ఎట్లుండాలి? ఆరేళ్ళు గడచినవి. నాటకశాలల పాటలు, జాజ్ పాటలు, తంత్రీవాద్యాల హోరులో పాడే ప్రణయగీతాలు ఎన్నో ఆమెచేత పాడించినారు. ఒకటి రెండు పాటలకు కొంత పేరు వచ్చినది. అంతకు మించి జరుగలేదు. ఆ రికార్డులు చెడ్డవని మేము అనము. ఈనాడు విన్నా వాటిలో మెచ్చదగినవి కనిపిస్తాయి. కాని పాట ఎట్లా నడవాలో, ఏ వాద్యం ఎక్కడ పలకాలో చాలావరకు ముందే నిర్ణయమై ఉండేది. ఇతరులు కట్టిన ఇంటిలో అతిథి ఎంత మర్యాదగా ఉంటుందో ఆమె అంత మర్యాదగా పాడినది.

1966 చివర ఆమె కొలంబియాను వదలి అట్లాంటిక్ కంపెనీకి వచ్చినది. అక్కడ జెర్రీ వెక్స్‌లర్ అనే నిర్మాత ఒక తెలివైన పని చేసినాడు. అది ఆమెను పియానో ముందు కూర్చోబెట్టడము. 1967 జనవరి 24న అలబామా రాష్ట్రంలోని మజిల్ షోల్స్ అనే చిన్న ఊరిలో, ఫేమ్ స్టూడియోలో, ఆమె పియానో వాయిస్తూ పాడగా 'ఐ నెవర్ లవ్‌డ్ ఎ మ్యాన్' అనే పాట రికార్డు అయినది. చుట్టూ వాయించినవారు ఆ ప్రాంతపు తెల్లజాతి యువకులు. జాతివిద్వేషం పడగెత్తి ఉన్న ఆ రాష్ట్రంలో, ఆ గదిలో మాత్రం అందరూ ఆమె వ్రేళ్ళను చూచి తమ దారి వెతుక్కున్నారు. అయితే ఆ రాత్రే ఆమె భర్తకూ స్టూడియో వారికీ మాటా మాటా పెరిగి పని ఆగిపోయినది. ఒక పాట పూర్తిగా, మరొక పాట సగంగా మిగిలినవి. వారం దినాలని తలపెట్టిన పని ఒక్క దినంతో ముగిసినది. వెక్స్‌లర్ ఆ వాద్యకారులను న్యూయార్కుకు రప్పించి మిగిలిన పని అక్కడ సాగించినాడు. ఆరేళ్ళలో రానిది ఆ ఒక్క పాటతో వచ్చినది; అమెరికా జనరంజక గీతాల పట్టికలో మొదటి పదింటిలో ఆమె పాట చేరడం అదే ప్రథమము.

ఇక ఆమెను లోకప్రసిద్ధురాలిని చేసిన 'రెస్పెక్ట్' అనే పాట సంగతి చూద్దాము. ఆ మాటకు గౌరవము, మన్నన అని అర్థము. ఆ పాటను ఓటిస్ రెడ్డింగ్ అనే గాయకుడు వ్రాసి, 1965లో తానే పాడి రికార్డు చేసినాడు. అతని పాటలో, పనిచేసి సంపాదించి ఇంటికి వచ్చిన మగవాడు తన ఇల్లాలిని కాస్త మన్నన చూపుమని అడుగుతాడు. అది మంచి పాటే. అరీతా 1967 ఫిబ్రవరి 14న న్యూయార్కులో దానిని రికార్డు చేసినది. ఆమె మాటలను ఎక్కువగా మార్చలేదు. అడిగేవారు మారినారు. ఇప్పుడు అడుగుతున్నది స్త్రీ. ఆ ఒక్క మార్పుతో బ్రతిమాలుట పోయి, హక్కుగా కోరుట వచ్చినది. మూలంలో లేని కొన్ని అంగాలను కూడా ఆమె చేర్చినది. పాట ఊపు మీద ఉండగా వాద్యాలన్నీ ఒక్కసారి ఆగితే, ఆ మాటలోని అక్షరాలను ఒక్కొక్కటిగా విడదీసి పలుకుతుంది. బడిలో మందమతికి గుణింతం చెప్పినట్లు, గౌరవమంటే ఏమిటో ఎదుటివానికి అక్షరాభ్యాసం చేయిస్తున్నట్లు ఉంటుంది. అక్క ఎర్మా, చెల్లెలు కరోలిన్ వెనుక నుంచి వంత పలుకుతారు. కథానాయిక ఒంటరిగా మొరపెట్టుకోవడం లేదు. ఆమె వెనుక ఇంటి ఆడపడుచులందరూ నిలబడినారు. ఇది న్యూ బెథెల్ మందిరంలోని పద్ధతే. ఒకరు ఎత్తుకొంటే సభ బదులు పలుకుతుంది.

1967 జూన్‌లో ఆ పాట అమెరికా జనరంజక గీతాలలో ప్రథమ స్థానానికి చేరినది. నల్లజాతి ప్రజలు పౌరహక్కులకై పోరాడుతున్న దినాలవి. స్త్రీలు తమ స్థానాన్ని గురించి గట్టిగా ప్రశ్నింప నారంభించిన దినాలు కూడా అవే. ఇరువురికీ ఆ పాట తమదే అనిపించినది. అదే నెలలో కాలిఫోర్నియాలోని మాంటెరే సంగీతోత్సవంలో ఓటిస్ రెడ్డింగ్ ఆ పాటను పాడబోతూ, దీనిని ఒక అమ్మాయి తన వద్దనుంచి లాగుకొని పోయినదని సభలో నవ్వుతూ అన్నాడు. కర్త స్వయంగా ఇచ్చిన దానపత్రంగా ఆ మాటను మేము భావిస్తాము. పాపం, అతడు అదే సంవత్సరం డిసెంబరు 10న విమాన ప్రమాదంలో, ఇరవై ఆరేళ్ళకే మరణించినాడు.

అయితే లోకం ఒప్పుకొన్నంత మాత్రాన చట్టం ఒప్పుకోదు. రేడియోను గురించి రేడియోలోనే చెప్పుకోవలసిన సంగతి ఒకటి ఇక్కడ ఉన్నది. అమెరికాలో మామూలు రేడియో కేంద్రం ఒక రికార్డును ప్రసారం చేస్తే పాట వ్రాసినవారికీ, ప్రచురించినవారికీ రుసుము ముడుతుంది, పాడినవారికి ముట్టదు. ఆ విధంగా 'రెస్పెక్ట్' ఎన్ని వేలసార్లు ప్రసారమైనా, ఆ ప్రసారాలకు ఆమె గొంతుకు దక్కినది సున్న. ఉపగ్రహ ప్రసారాలకూ, ఇంటర్నెట్ ప్రసారాలకూ సంబంధించి పాడినవారికి కూడా రుసుము చెల్లించే ఏర్పాటు తరువాత వచ్చినది. కాని 1972 ఫిబ్రవరికి ముందటి రికార్డులకు ఆ హక్కును స్పష్టంగా కల్పించిన చట్టం 2018 అక్టోబరులో గాని రాలేదు. అప్పటికి ఆమె కన్నుమూసి రెండు నెలలు కూడా నిండలేదు.

ఆమె అలవాటు ఒకటి చాలామందికి విచిత్రంగా తోచేది. కచేరీకి ముందే తన పారితోషికాన్ని నగదుగా పుచ్చుకొని, చేతిసంచిలో పెట్టుకొని, ఆ సంచిని కనుచూపులోనే ఉంచుకొని పాడేది. దీనిని గొప్ప కళాకారుల చాదస్తంగా కొట్టివేయడం న్యాయం కాదు. ఆమెకు ముందు తరంలో నల్లజాతి గాయకులు ఎందరో రాత్రంతా పాడి, తెల్లవారేసరికి డబ్బు ఇవ్వవలసిన పెద్దమనుషులు కనబడక వట్టిచేతులతో ఇల్లు చేరినారు. ఆ చేతిసంచిలో ఒక జాతి అనుభవమున్నది.

తన మన్ననను తాను రక్షించుకొన్నట్లే ఆమె ఇతరుల మన్ననను గురించి కూడా ఆలోచించినది. తండ్రికీ మార్టిన్ లూథర్ కింగ్‌కూ స్నేహముండేది. 1963 జూన్‌లో డెట్రాయిట్ నగరంలో జరిగిన మహాప్రదర్శనను నిర్వహించినవారిలో సి. ఎల్. ఫ్రాంక్లిన్ ముఖ్యుడు, కింగ్ అందులో ప్రసంగించినాడు. 1970లో ఏంజెలా డేవిస్ అనే విదుషి నిర్బంధంలో ఉన్నప్పుడు, ఆమె జామీనుకు ఎంత సొమ్మయినా తాను కడతానని అరీతా బహిరంగంగా ప్రకటించినది. ఆ డబ్బు తన ప్రజల వలన తనకు వచ్చినదే గనుక వారి కోసం వెచ్చించడానికి వెనుదీయనని ఆమె భావము.

1972లో ఆమె కీర్తి శిఖరాన ఉన్నది. ఆ సమయంలో ఆమె మళ్ళీ ప్రార్థనామందిరంలో పాడదలచినది. జనవరి 13, 14 తేదీలలో లాస్ ఏంజెలిస్ నగరపు వాట్స్ ప్రాంతంలోని ఒక చిన్న మందిరంలో, జేమ్స్ క్లీవ్‌లండ్ నడిపే బృందగానంతో కలిసి, సభ ఎదుట భక్తిగీతాలు పాడినది. చిన్ననాడు తమ యింటికి వచ్చిపోయిన ఆ క్లీవ్‌లండే ఇప్పుడు పక్కన పియానో వద్ద ఉన్నాడు. రెండవ రాత్రి తండ్రి లేచి, అరీతా తిరిగివచ్చినదని అందరూ అంటున్నారు గాని నిజానికి ఆమె ఈ మందిరాన్ని ఎన్నడూ వదలలేదన్న భావంతో నాలుగు మాటలు చెప్పినాడు. లౌకిక గానాన్ని నిందించిన పెద్దలందరికీ అది సమాధానము.

ఆ రాత్రుల గానం 'అమేజింగ్ గ్రేస్' అనే పేరుతో వెలువడినది. ఆ పేరుగల కీర్తనను ఆమె పదకొండు నిమిషాలకు కొద్దిగా తక్కువగా పాడినది. చరణాలు కొన్నే, ఒక్కొక్క మాటను రాగాలాపన వలె విస్తరిస్తూ, నిలుపుతూ, విడుస్తూ పోతుంది. దానిని వ్రాసినవాడు జాన్ న్యూటన్ అనే ఆంగ్లేయుడు. అతడు ఒకప్పుడు ఆఫ్రికా ప్రజలను బానిసలుగా ఓడలలో తరలించిన నావికుడు. తరువాత మతాచార్యుడై 1779లో ఆ కీర్తనను ప్రచురించినాడు. అట్టి ఓడలలో తరలిపోయిన ప్రజల సంతతిలో పుట్టిన స్త్రీ ఆ కీర్తనను తనదిగా చేసుకొని పాడుతున్నది. పాట ఎవరిదన్న మన ప్రశ్నకు ఇంతకంటె లోతైన ఉదాహరణ మాకు తెలియదు. వ్రాసినవాడు తన పాపానికి క్షమను పాడుకొన్నాడు. ఆమె నోట అదే కీర్తన తన ప్రజలు దాటివచ్చిన కష్టాలన్నిటినీ తలచుకొనే గీతమైనది. మాటలు అవే, వాటిలో ఉన్న జీవితం వేరు.

ఆ రెండు రాత్రులనూ సిడ్నీ పొలాక్ అనే దర్శకుడు చలనచిత్రంగా తీసినాడు. కాని బొమ్మనూ శబ్దాన్నీ జతపరచడానికి కావలసిన గుర్తులు చిత్రీకరణ సమయంలో వేయక పోవడం వలన అది దశాబ్దాలు మూలపడినది. సాంకేతిక విజ్ఞానం పెరిగి ఆ చిక్కు విడిపోయిన తరువాత, 2015లో దానిని ప్రదర్శించబోతే, తన అనుమతి లేదని అరీతాయే న్యాయస్థానానికి వెళ్ళి ఆపించినది. కుటుంబం సమ్మతితో అది ప్రజల ఎదుటికి వచ్చినది 2018 నవంబరులో, ఆమె మరణం తరువాత. అంత చక్కని చిత్రాన్ని ఎందుకు ఆపినదని నొచ్చుకొన్నవారున్నారు. వారి బాధ సహజమే. కాని తన గొంతు ఎక్కడ, ఎప్పుడు వినిపించాలో నిర్ణయించే హక్కు తనదేనని జీవితమంతా పట్టుపట్టిన మనిషి ఆ ఒక్కచోట పట్టు విడుస్తుందని ఎట్లా అనుకోగలము?

1970ల చివర అభిరుచులు మారి ఆమె రికార్డులకు ఆదరణ తగ్గినది. 1979 జూన్‌లో దొంగలు తండ్రిని ఇంటిలోనే తుపాకితో కాల్చినారు. ఆయన అయిదేళ్ళు స్పృహ లేకుండా ఉండి 1984లో మరణించినాడు. ఆ దుఃఖకాలంలోనే ఆమె వేరొక కంపెనీకి మారి, కొత్త తరాన్ని ఆకర్షించే పాటలు పాడి, 1985 నాటికి మళ్ళీ ముందుకు వచ్చినది. 1987లో రాక్ అండ్ రోల్ కీర్తిమందిరంలో ప్రవేశం పొందిన మొదటి మహిళ ఆమెయే. తరువాతి రికార్డులన్నీ 1967-72 నాటి స్థాయిలో ఉన్నాయని అనలేము. అయినా సమయం వచ్చినప్పుడు ఆ శక్తి చెక్కుచెదరక కనిపించేది. 1998లో గ్రామీ బహుమతుల సభలో ఇటలీ గాయకుడు పావరొట్టి అస్వస్థత వలన రాలేకపోగా, కొద్ది వ్యవధిలో ఆయన పాడవలసిన ఒపెరా గీతాన్ని, ఆయనకై సిద్ధపరచిన శ్రుతిలోనే, ఆమె పాడి సభను నిలబెట్టినది.

2015 డిసెంబరులో వాషింగ్టన్ నగరంలోని కెనెడీ కేంద్రంలో కరోల్ కింగ్ అనే గీతరచయిత్రికి సన్మానం జరిగినది. 1967లో అరీతా పాడిన 'ఎ నాచురల్ ఉమన్' అనే పాట కరోల్ కింగ్, గెరీ గోఫిన్ కలిసి కూర్చినది. ఆ సభలో డెబ్బయి మూడేళ్ళ అరీతా వచ్చి, పియానో ముందు కూర్చొని, తానే వాయిస్తూ ఆ పాట ఎత్తుకొన్నది. పైన కూర్చొన్న రచయిత్రి తన పాటను తానే మొదటిసారి వింటున్నట్లు పరవశించినది. అధ్యక్షుడు ఒబామా కన్నీరు తుడుచుకొన్నాడు. కర్తా గాయనీ ఒకరినొకరు తగ్గించుకోకుండా ఒకే పాటలో నిలబడిన క్షణమది. పాట ఇరువురిదీ కావచ్చునని, కావాలని, ఆ సభ తేటతెల్లం చేసినది.

2018 ఆగస్టు 16న డెట్రాయిట్‌లో, డెబ్బయి ఆరవ ఏట, అరీతా ఫ్రాంక్లిన్ మరణించినది. మరుసటి ఏడు పులిట్జర్ సంస్థవారు ఆమెకు ప్రత్యేక ప్రశంసను ప్రకటించినారు. సంగీతంలో పులిట్జర్ బహుమానం సాధారణంగా స్వరరచనకు, అంటే కర్తకు, ఇచ్చేది. ప్రధానంగా పాడిన మనిషిగానే లోకమెరిగిన స్త్రీకి ఆ గౌరవం దక్కడం చిన్న విషయం కాదు. ఆ ప్రత్యేక ప్రశంసను వ్యక్తిగతంగా పొందిన మొదటి మహిళ కూడా ఆమెయే.

గాయనిగా ఆమె వారసత్వం ఎందరో గొంతులలో నేటికీ వినిపిస్తున్నది. ఒక అక్షరాన్ని పది మలుపులు తిప్పడం ఆమె తరువాత అందరూ నేర్చినారు. అందులో కొందరు మలుపులను మాత్రమే నేర్చినారు. ఆమె గానంలో మలుపు వచ్చేది మాట తన బరువును మోయలేనప్పుడు. మాట చాలినచోట ఆమె గొంతు తిన్నగానే నడిచేది. శ్రోతలకు మేము చేసే మనవి ఒకటే. వీలు దొరికినప్పుడు 'రెస్పెక్ట్' పాటను మొదట ఓటిస్ రెడ్డింగ్ గొంతులో వినండి. వెంటనే అరీతా గొంతులో వినండి. రెండు రికార్డులూ కలిపి అయిదు నిమిషాలకు మించవు. పాడేవారు కర్తలు అవునా కాదా అన్నది ఆ తరువాత మీరే చెప్పగలరు.